వియ్యంకుడి ఫోటో తీసింది నేనే

మా వియ్యంకుడు పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను బాత్రూంలో ఎర్ర బల్బు కింద ఫిల్మ్ కడుగుతున్నాను. బయట ఫోన్ మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. ఫిల్మ్ మందులో ఉండగా తలుపు తీస్తే వెలుగు పడి అంతా నల్లబారిపోతుంది కాబట్టి తీయలేదు. ఈ వయసులో నాకు ఫోన్ చేసేది లోను కావాలా అని అడిగే పిల్లలే కదా అనుకున్నాను. ఫిల్మ్‌ను నీళ్ళలో వేసి, చేతులు తుడుచుకుని బయటికి వచ్చేసరికి మా అమ్మాయి మళ్ళీ చేస్తోంది.

"బాపూ, మా మామ పోయిండు," అంది. "అన్నం తిని దుకాణంల కుర్చీల కూసున్నడు. చాయ్ తీస్కపోయి లేపితే లేవలే."

కడుపు నిండా తిని, తన కుర్చీలో, ఎండ తగలని మూల కూర్చుని పోయాడు. గొట్టాలు లేవు, ఆసుపత్రి వరండాలు లేవు, ఎవరితోనూ ఒక్క రాత్రి జాగారం చేయించలేదు. దుఃఖం తర్వాత వచ్చింది. ముందు వచ్చిన ఆలోచన మాత్రం ఇదీ: ఇది కూడా ఆయనకే కుదిరింది.

నేను సర్కారు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైనవాణ్ణి. ఇలాంటి స్మృతి వ్యాసాలు లెక్కలేనన్ని దిద్దాను. వాటిలో పోయినవాళ్ళందరూ అజాతశత్రువులే. ఇంతమంది అజాతశత్రువులున్న ఊళ్ళో అన్ని కోర్టులు ఎందుకు నడుస్తున్నాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా వియ్యంకుడు అజాతశత్రువు కాడు. నేనున్నాను కదా.

ఆయన మా అమ్మాయికి మామగారు. మాదన్నపేట మండి వెనక పాల దుకాణం. ఒకప్పుడు ఇంటి వెనకే బర్లు ఉండేవి, తర్వాత పాలు బయటినుంచి వచ్చేవి, ఆయన పొట్ట మాత్రం అలాగే ఉండేది. నేను గౌలిపురాలో ఉంటాను. పెళ్ళప్పుడు ఒకరినొకరం బావగారూ అనుకున్నాం. పిల్లల కాపురం కుదుటపడ్డాక గారు ఊడిపోయింది, బావా మిగిలింది.

పెద్ద ఫిల్మ్ కెమెరా పిచ్చి నాది. ఇది మొదట స్పష్టంగా రాసిపెడుతున్నాను, ఎందుకంటే ఇప్పుడు ఎవరూ అలా చెప్పడం లేదు. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల్లో ఆ కెమెరాల గురించి దొరికినవన్నీ ఏళ్ళ తరబడి ఏరి తెచ్చుకుని చదివాను. తెలియనివారికి చెబుతాను. దీనిలో ఫిల్మ్ చుట్ట ఉండదు. ఒక్కో ఫోటోకు అరచేయంత ఫిల్మ్ ముక్క ఒకటి. ముందు లెన్సు, వెనక గరుకు గాజు పలక, మధ్యలో హార్మోనియానికి ఉన్నట్టు ముడతల తిత్తి. తల మీద నల్లగుడ్డ కప్పుకుని గాజులో చూస్తే ఎదుటి మనిషి తలకిందులుగా కనిపిస్తాడు. ఒక ఫోటో తీయడానికి పట్టే సమయంలో ఫోన్లో అయితే ఒక పెళ్ళి మొత్తం తీయవచ్చు. నాకు నచ్చింది అదే. తొందరపడేవాళ్ళందరినీ ఈ కెమెరా బయటే నిలబెడుతుందని నమ్మాను.

శాలిబండలో ఒక పాత స్టూడియో మూసేస్తున్నారని, అక్కడ అలాంటి చెక్క కెమెరా ఉందని తెలిసింది. వెళ్దామంటే ఆ రోజు మోకాలు సహకరించలేదు. మా వియ్యంకుడు స్కూటర్ మీద తీసుకువెళ్ళాడు. స్టూడియో ఆయన నాకంటే పెద్దవాడు, తెల్ల గడ్డం. కెమెరా మీద కప్పిన గుడ్డను దుప్పటి కింద పడుకున్న మనిషిని లేపినట్టు మెల్లగా తీశాడు. టేకు చెక్క, ఇత్తడి మరలు. నేను లెన్సు విప్పి వెలుగుకు ఎత్తి బూజు పట్టిందేమో చూశాను. తిత్తి ముడతలు ఒక్కొక్కటే తడిమాను. వారం రోజులు ఆలోచించి చెబుతానన్నాను.

నేను లెన్సు మళ్ళీ బిగించేలోపు మా వియ్యంకుడు స్టూడియో ఆయనకు డబ్బిచ్చేసి, బయట ఆటో మాట్లాడుతున్నాడు.

"నీకెందుకు బావా ఇది?" అన్నాను. "నువ్వు ఆధార్ కార్డు ఫోటోకు కూడా కళ్ళు మూసుకున్నవ్."

"నువ్వు గింత మోజువడుతున్నవంటే అండ్ల ఏదో ఉన్నట్టే గద," అన్నాడు. "ఫికర్ చెయ్యకు. మనిద్దరిదీ. నువ్వు సదువు, నేను నొక్కుత."

అలా మోజు నాది, కెమెరా ఆయనది అయింది. మనిద్దరిదీ అన్న కెమెరా మాదన్నపేటలో ఆయన మేడమీది గదిలో ఉండేది. నేను ఆటో దిగి, మెట్లెక్కి, ఆయన పెట్టించిన చాయ్ తాగి, దాన్ని ముట్టుకోవాలి.

ఆటో ఎక్కించే ముందు స్టూడియో ఆయన మాకు ఒక పాఠం చెప్పాడు. నేను నల్లగుడ్డలో తలపెట్టి చూస్తూ ఎంతకూ బయటికి రాకపోతే భుజం తట్టాడు. "పీఛే నక్కో ఛుపో సాబ్. బాజూ మే ఠైరో." వెనక దాక్కోవద్దు, పక్కన నిలబడమని. దానికి కారణముంది. గాజులో చూసి అంతా సరిచూసుకున్నాక దాని ముందు ఫిల్మ్ ఉన్న హోల్డర్ దూరుస్తాం. ఇక గాజులో ఏమీ కనపడదు. మీట నొక్కే క్షణంలో తీసేవాడు కెమెరాలోంచి చూడలేడు. పక్కన నిలబడి, మామూలు కళ్ళతో, ఎదుట కూర్చున్న మనిషిని చూడాలి. కూర్చున్న మనిషి కూడా లెన్సును చూడడు. పక్కన నిలబడ్డవాణ్ణి చూస్తాడు.

ఇది నా పుస్తకాల్లో కూడా ఉంది. వెలుగు లెక్కల ముందు ఒక చిన్న పేరా. నేను లెక్కల మీద పడ్డాను. మా వియ్యంకుడికి పుస్తకం లేదు కాబట్టి ఆ పేరా ఒక్కటే మిగిలింది.

మొదలుపెట్టడం ఎంత కష్టమో కొత్తవాళ్ళకు ఎవరూ చెప్పరు. మొదటి నెలంతా తిత్తికే సరిపోయింది. గది చీకటి చేసి, తిత్తి లోపల టార్చి పెట్టి చూస్తే ముడతల మూలల్లో చుక్కలు చుక్కలుగా వెలుగు. ఒక్కో చిల్లునూ నల్లరంగు కలిపిన జిగురుతో నేను మూశాను. టార్చి పట్టుకుంది ఆయన. తర్వాత దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ "మేమిద్దరం మూసినం" అని చెప్పాడు. అబద్ధం కాదు కాబట్టి దిద్దలేకపోయాను.

ఫిల్మ్ విషయం మాత్రం ఆయన బుర్రే. బయటిదేశపు ఫిల్మ్ తెప్పించుకునే స్తోమత మాకు లేదు. మలక్‌పేటలో ఒక ఎక్స్-రే సెంటర్ అతనికి రోజూ ఈయన దుకాణం పాలే. వాడని ఎక్స్-రే ఫిల్మ్ పెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. ఎర్ర బల్బు వెలుగు దానికి తగలదు, అందుకని బాత్రూంలో ఎర్ర బల్బు కింద కత్తిరించి హోల్డర్లో పెట్టుకోవచ్చు. మామూలు ఫిల్మ్‌కు మందు ఒకవైపే ఉంటుంది, ఎటు పెట్టాలో చీకట్లో వేళ్ళతో తడిమి తెలుసుకోవాలి. దీనికి రెండువైపులా మందే.

"ఎటు వెట్టినా పనిచేస్తది," అన్నాడు మురిసిపోతూ. "నా అసొంటోని కోసమే చేసిన్రు బావా."

అది ఎరుపును నల్లగా చూపిస్తుంది. కుంకుమ బొట్లన్నీ నల్లబొట్లవుతాయి. పైగా వెలుగును మెల్లగా పట్టే ఫిల్మ్, నీడపట్టున తీస్తే అర సెకను, ఒక సెకను కదలకుండా కూర్చోవాలి. గోటితో తాకితే గీత పడుతుంది. మా మొదటి ఫోటోలు కాటుక డబ్బా బోర్లించినట్టు వచ్చాయి. ఫిల్మ్‌కు వెలుగు తగలకుండా హోల్డర్ మీద ఒక రేకు ఉంటుంది, లెన్సు మూయకముందే దాన్ని లాగేసేవాడాయన. వెలుగంతా లోపలికి. నేను వరస చెప్పీ చెప్పీ విసిగిపోతే, దాన్ని ఆయన ఎక్కం చేసుకున్నాడు. ముయ్యి, వెట్టు, గుంజు, నొక్కు, మల్ల ముయ్యి. పాలు కొలుస్తూ కూడా అదే గొణిగేవాడు. ఆ ఎక్కం ఇప్పుడు నాక్కూడా పట్టుకుంది. బాత్రూంలో ఒంటరిగా ఉన్నప్పుడు నోటికి వస్తుంది, కోపం వస్తుంది.

ఫోటోలు రావడం మొదలయ్యాక అసలు సంగతి మొదలైంది. ఆయన కెమెరాను దుకాణం అరుగు మీద నిలబెట్టేవాడు. మండిలో కూరగాయలమ్మే ఆడవాళ్ళు గంపలు దించి వచ్చేవాళ్ళు. మటన్ కొట్టు భాయ్ కత్తి పక్కన పెట్టి వచ్చేవాడు. ఆటోవాళ్ళు, గాజులమ్మే ఖాలా, ఎవరైనా. అందరికీ ముందు చాయ్. తర్వాత ముచ్చట. ఎవరింట్లో లొల్లి, ఎవరి కోడలు అలిగింది, ఉల్లిగడ్డ ఎందుకు పిరమైంది. ఆ ముచ్చట మధ్యలో ఎడమచేత్తో మీట నొక్కేవాడు. ఎడమచేతి వాటం మనిషి, ఎప్పుడూ కెమెరాకు ఎడమ పక్కనే నిలబడేవాడు.

ఆ ఫోటోల్లో దోషాలు చెప్పమంటే ఇప్పుడు కూడా చెప్పగలను. చెవి దగ్గర మసక, మూలల్లో గోటి గీతలు, ఒకదాంట్లో ఆయన బొటనవేలి ముద్ర. కానీ ఆ మొహాలు. గంప పక్కన కూర్చున్న ఆమె మనల్ని కాదు, తనకు ఇష్టమైన మనిషిని చూస్తున్నట్టుండేది.

నా వంతు వచ్చినప్పుడు నేను పద్ధతిగా చేసేవాణ్ణి. మొహం దగ్గరగా తీయాలంటే తిత్తిని బాగా సాగదీయాలి. అది సాగినకొద్దీ ఫిల్మ్ మీద పడే వెలుగు తగ్గుతుంది. టేపుతో కొలిచి, తగ్గినదానికి లెక్కకట్టి, అంత ఎక్కువసేపు లెన్సు తెరవాలి. నేను కొలిచేవాణ్ణి. లెక్క కట్టేవాణ్ణి. మళ్ళీ కొలిచేవాణ్ణి. ఈలోపు కూర్చున్న మనిషి మొహం రేషన్ లైన్లో నిలబడ్డట్టు తయారయ్యేది. మటన్ కొట్టు భాయ్ ఒకసారి అడిగాడు, "సాబ్, ఫోటో తీస్తున్నరా, పీనుగ కఫన్‌కు కొలతలు తీస్తున్నరా?" మా వియ్యంకుడు అరుగు మీద కూర్చుని పడిపడి నవ్వాడు. మా అమ్మాయివాళ్ళ పక్కింట్లో పూల కుండీ వెనకున్న గోడకు మాత్రం నా కొలతలతో ఏ ఇబ్బందీ లేదు. నేను గోడలు తీయడం అలా మొదలుపెట్టాను.

ఊళ్ళో ఫోటోగ్రాఫర్ల సంఘం ఒకటి ఆయన ఫోటోలు తీసుకుపోయి ప్రదర్శన పెట్టి గోడలకు తగిలించింది. నా గోడలు ఎవరి గోడలకూ ఎక్కలేదు. ఆ సభలో ఒకాయన మా వియ్యంకుణ్ణి సహజ కళాకారుడు అన్నాడు. ఏమీ చదవలేదని మర్యాదగా చెప్పడానికి ఆ మాట వాడతారు. అన్నీ చదివినవాణ్ణి ఏమంటారో ఆయన చెప్పలేదు. ఫోటోల కింది అచ్చు కాగితాల్లో తప్పులుంటే పెన్ను తీసి దిద్దాను. అది తప్ప ఆ సాయంత్రం నాకు మరో పని లేదు.

ఇంతవరకూ అయినదాన్ని నేను మింగుకోగలను. ఇప్పుడు నా భార్య ఫోటో సంగతి.

ఒకరోజు మధ్యాహ్నం అందరం మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. మా వియ్యంకుడు కెమెరాను వరండాలో పెట్టి, "చెల్లె, నువ్వు గూసో," అన్నాడు. నా భార్య వద్దంటూనే కొంగు సర్దుకుని కూర్చుంది. వరండాలో వెలుగు మెత్తగా ఉంది. నేను ఊరుకోలేక టేపు తీసి తిత్తి కొలవబోయాను.

"చెల్లె," అన్నాడాయన, "పెండ్లిచూపులకు వచ్చిన్నాడు గూడ గీ టేపు తెచ్చిండా?"

"తెచ్చే ఉంటడన్నా," అంది నా భార్య. "గప్పట్నుంచి కొలుస్తనే ఉన్నడు. ఇంక లెక్క తేలలే."

వాళ్ళిద్దరూ నవ్వారు. లోపల వంటింట్లోంచి మా అమ్మాయి కూడా నవ్వింది. నా భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. అన్నేళ్ళ కాపురంలో ఆమె అంత చక్కటి మాట నాతో ఎప్పుడూ అనలేదు. నా గురించి అంది, ఆయనతో.

నవ్వుతున్నప్పుడు ఆయన నొక్కలేదు. ఆగాడు. ఆమె కొంగు దించి, కళ్ళు తుడుచుకుని, ఇంకేమంటావన్నట్టు ఆయన వైపు చూసింది. అప్పుడు నొక్కాడు. వెనక ఎప్పుడో నాకు చెప్పాడు: "నవ్వు తియ్యొద్దు బావా. నవ్వినంక తియ్యాలె. నవ్వు అందరికొక్క తీర్గనే ఉంటది. నవ్వినంక మిగిలిన మొకమే ఆ మనిషిది."

ఆ ఫోటోను వెలుగుకు పెట్టి దోషాలు వెతికాను. గీతల్లేవు, మసక లేదు, వెలుగు కూడా లెక్క కట్టినట్టే ఉంది. ఆమె బొట్టు నల్లగా, గుండ్రంగా. కళ్ళల్లో నవ్వు తడి. కెమెరాకు ఎడమ పక్కన నిలబడ్డ మనిషిని చూస్తోంది. ఆ చూపు నాకు కావాలనిపించింది. ఫోటో కాదు. ఆ చూపు, నా వైపు.

తర్వాత ఆయన దగ్గరినుంచి కెమెరా తెచ్చుకుని చాలాసార్లు ప్రయత్నించాను. మా ఇంట్లో, అదే చీర, అదే మధ్యాహ్నం వెలుగు. టేపు జేబులోనే ఉంచాను. ఏదైనా ముచ్చట చెప్పాలని చూస్తే నా నోటికి వార్తాపత్రికలో అచ్చుతప్పులు తప్ప ఏమీ రాలేదు. ఆమె కూర్చునేది. "అయిందా? పొయ్యి మీద పప్పున్నది," అనేది. ఆ నెగెటివులన్నీ నా దగ్గరున్నాయి. ఒక్క దాంట్లోనూ సాంకేతిక దోషం లేదు. అన్నిట్లోనూ నా భార్య నన్ను చూసే చూపే ఉంది. కోపం కాదు. ఓపిక. ఓపిక ఫోటోలో బాగా రాదు.

ఆమెకు జబ్బు చేసింది. ఆసుపత్రి గొట్టాల మధ్య కెమెరా నిలబెట్టేంత మూర్ఖుణ్ణి కాను. ఆమె పోయాక పూలదండ వేసింది మా వియ్యంకుడు తీసిన ఫోటోకే. అది మా ఇంట్లో ఒకటుంది, మా అమ్మాయి ఇంట్లో, అంటే ఆయన ఇంట్లో, హాలు గోడకు ఒకటుంది. వచ్చినవాళ్ళు ఎంత మంచిగ తీసిన్రు అనేవాళ్ళు. ఆయన అక్కడే కూర్చుని ఉంటే, "వెలుగు బాగుండె ఆ దినం," అనేవాడు. అంతకంటే గొప్పలు పోయి ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది.

కిందటి చలికాలం ఆయనే అడిగాడు. "అందరియి తీసిన గని నాదే లేదు. నువ్వు తియ్యి బావా. సంఘపోళ్ళకు ఇయ్యాలంట."

"వాళ్ళల్ల ఎవలనన్న తియ్యమను."

"వాళ్ళు నన్ను కళాకారుడంటరు. గట్ల చూస్తుంటే నాకు మొకం బిగుసుకుంటది. నువ్వైతే గట్ల చూడవు గద."

దుకాణం గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను కెమెరా కుడిపక్కన నిలబడతాను, కుడిచేతి మనిషిని. తిత్తి కొలిచాను. లెక్క కట్టాను. హోల్డర్ పెట్టాను, రేకు లాగాను. ఆయన కదలకుండా, పొట్ట లోపలికి పట్టుకుని, పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. ఊరందరినీ మాట్లాడించినవాడు తన వంతు వచ్చేసరికి మాట పడిపోయి కూర్చున్నాడు. ఇక మాట్లాడాల్సింది నేను. పుస్తకాల్లో ఏ పేజీలోనూ ఏం మాట్లాడాలో లేదు.

అందుకని ఉన్నమాటే అన్నాను. "నీ కెమెరా జూస్తే మండుతది బావా నాకు. నీ ఫోటోలు జూస్తే మండుతది. నీ పొట్ట జూసినా మండుతది. నా పెండ్లాం నీతోని నవ్వినట్టు నాతోని నవ్వలే. నువ్వంటే నాకు మస్తు కుళ్ళు."

ఆయన నన్ను చూశాడు. "గిది నాకు తెల్వదనుకున్నవా?" అన్నాడు. "శాలిబండల ఆటో ఎక్కేటప్పుడే నీ మొకం జూసిన. దుకాణం అంత మంటలు కనవడ్డయి. ఫైరింజన్ పిలుద్దామనుకున్న."

అప్పుడు పట్టుకున్న పొట్ట వదిలేశాడు. కుర్చీ కిర్రుమనేలా నవ్వాడు. పాలకోసం వచ్చిన ఒకామె ఏందో అర్థం కాకుండానే తనూ నవ్వింది. నేను మీట పట్టుకుని ఆగాను. నవ్వు ఆయన పొట్టలోంచి భుజాల్లోకి, భుజాల్లోంచి గడ్డంలోకి వచ్చి, తగ్గి, ఆగింది. ఆయన ఊపిరి తీసుకుని, ఇంకేమన్నా ఉందా అన్నట్టు నా వైపు చూశాడు. నొక్కాను.

నెగెటివ్ ఆరాక తీసుకెళ్ళి చూపించాను. కిటికీ వైపు పెట్టి చాలాసేపు చూశాడు. "మస్తొచ్చింది," అన్నాడు. "నువ్వు తీసినవని ఎవలకు చెప్పకు బావా. నా పేరు ఖరాబైతది."

ఆ మాట వేళాకోళానికే అన్నాడని నాకు తెలుసు. కానీ అదే నిజమైంది.

దినాల రోజు మా అమ్మాయి ఆ ఫోటోనే పెద్దది చేయించి కుర్చీలో పెట్టింది. అందరివీ తీసిన మనిషికి తనదంటూ ఒక్కటే ఉంది. పూలదండ వేశారు. మండి ఆడవాళ్ళు వచ్చారు, మటన్ కొట్టు భాయ్ వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సంఘం ఆయన ఫోటో ముందు వంగి వంగి చూసి, వెనక ఉన్నవాళ్ళకు చెప్పాడు, "తన ఫోటో తానే తీసుకున్నాడు. ఈ వెలుగు చూడండి. ఆయన చెయ్యి తెలిసిపోతుంది."

"అది నేను తీసిన," అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని మెల్లగా తట్టాడు. దుఃఖంలో ఉన్న ముసలివాళ్ళను తట్టే పద్ధతి అది. "మీరిద్దరూ కలిసే నేర్చుకున్నారు కదా సార్," అన్నాడు.

మా వియ్యపురాలు గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమెకైనా తెలిసి ఉంటుందని చూశాను. "ఆయనే తీస్కున్నడన్నా," అంది. "పోతనని తెల్సినట్టు తీస్కున్నడు." ఇలా చెప్పుకుంటూ ఆమె కొంచెం నిబ్బరంగా ఉంది. ఆమెను దిద్దడం నా వల్ల కాలేదు. జీవితంలో ప్రూఫు దిద్దకుండా వదిలేసింది అదొక్కటే.

ఇంకోసారి నోరు తెరవబోతే మా అమ్మాయి పక్కకు వచ్చి, "ఊకో బాపూ, గిప్పుడెందుకు లొల్లి," అంది.

సరే, అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. ఆ ఫోటో చూసినవాళ్ళు ఇది చదువుతుంటే మళ్ళీ ఒకసారి వెళ్ళి చూడండి. ఆయన కళ్ళు లెన్సు మీద లేవు. మీరు ఎటు నిలబడ్డా మీ కళ్ళలో పడవు. కెమెరాకు కుడిపక్కన నిలబడ్డ మనిషి మీద ఉన్నాయి. ఎడమచేతి వాటం మనిషి తన ఫోటో తాను తీసుకుంటే మీట పట్టుకున్న చెయ్యి కనపడాలి, రెండు చేతులూ మోకాళ్ళ మీదే ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద రుజువు ఇంకొకటి. ఖాళీ జాగా వైపు చూసి ఏ మనిషికీ అలాంటి మొహం రాదు. ఎదుట ఒకడు ఉండాలి. వాడు ఆయనకు నచ్చినవాడై ఉండాలి. అదెవరో సంఘం వారు విచారించుకోవచ్చు.

ఆయనకు నేను రుణపడ్డది ఏదైనా ఉంటే అదే. నా చేతి మీదుగా ఒక్క మంచి మొహం వచ్చింది. అది నా భార్యది అయితే బాగుండేది. ఆయనది అయింది. ఇచ్చేటప్పుడు కూడా తనదే ఇచ్చాడు.

ఇప్పుడు ఆ ఫోటో మా అమ్మాయి ఇంట్లో హాలు గోడకు ఉంది. నెలమాసికం నాడు వెళ్ళి చూస్తే నా భార్య ఫోటోకు ఎడమవైపు తగిలించి ఉంది. ఆమె ఎడమవైపు చూస్తుంది కదా, ఆయన కుడివైపు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. నవ్వినాక మిగిలిన మొహాలతో, ఇప్పుడే ఎవరిమీదో ఏదో అనుకున్నట్టు. ఎవరిమీదో నాకు తెలుసు.

"ఇవి గిట్ల పెట్టిందెవలు?" అని అడిగాను.

"నేనే. మంచిగున్నది గద బాపూ. ఇద్దరు ముచ్చట వెట్టినట్టున్నరు."

"అటుది ఇటు పెట్టు. ఇటుది అటు పెట్టు."

"ఎందుకు?"

"వెలుగు సరిగ పడతలే."

"ఏంది బాపూ, చిన్న పిల్లల లెక్క," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేనే స్టూలు తెచ్చుకుని, మోకాలు ఏడుస్తున్నా ఎక్కి, రెంటినీ మార్చాను. ఇప్పుడు ఆమె వాకిలి వైపు చూస్తుంది, ఆయన వంటింటి వైపు చూస్తాడు. మధ్యలో జానెడు గోడ. మళ్ళీ వెళ్ళినప్పుడు మొదట ఉన్నట్టే ఉన్నాయి. మళ్ళీ స్టూలు ఎక్కాను. మార్చాను. ఆ తర్వాత వెళ్ళినప్పుడూ అంతే. మొన్న ఆదివారం కూడా స్టూలు ఎక్కి మార్చి, చాయ్ తాగి, వస్తానని చెప్పి బయల్దేరాను. గుమ్మం దగ్గర వంగి చెప్పులు వేసుకుంటుంటే లోపల హాల్లో స్టూలు జరిపిన చప్పుడు వినిపించింది.